శక్తి సంచారం

పాఠ్యభాగ ఉద్దేశం

తిరిగే చక్రానికీ, నిశ్చలంగా కనిపించే తీగకూ మధ్య శక్తి ఏ విధంగా రాకపోకలు సాగిస్తుందో వివరించడం ఈ పాఠం ప్రధానోద్దేశం. ఆ రాకపోకల నియమాన్ని తెలుసుకొని మెలగడం వల్ల కలిగే మేలును, మరచి మెలగడం వల్ల కలిగే కీడును తెలుగునాట కనిపించే ఉదాహరణలతో విద్యార్థులకు బోధపరచడం మరొక ఉద్దేశం.

పాఠ్యభాగం

'శక్తి' అనే పదం సంస్కృతంలోని 'శక్' అనే ధాతువు నుండి పుట్టింది. సమర్థమగుట అని ఆ ధాతువుకు అర్థం. శక్యం, అశక్యం, అశక్తుడు, శక్తిమంతుడు అనే మాటలన్నీ ఆ మూలం నుండి వచ్చినవే. భౌతికశాస్త్రం కూడా శక్తిని ఇంచుమించు ఇదే విధంగా నిర్వచించింది. పని చేయగల సత్తువకే శక్తి అని పేరు. అయితే శాస్త్రజ్ఞులు ఈ నిర్వచనానికి మరొక విశేషాన్ని జోడించారు. శక్తి పుట్టదు, నశించదు. ఒక రూపాన్ని విడిచి మరొక రూపాన్ని ధరిస్తుంది, ఒక చోటును విడిచి మరొక చోటికి చేరుతుంది. దీనినే శక్తి నిత్యత్వ నియమం అంటారు. శక్తి ధరించే అనేక రూపాలలో యాంత్రికశక్తి, విద్యుచ్ఛక్తి అనే రెండింటికీ ఉన్న చుట్టరికం మిక్కిలి దగ్గరిది. నేటి నాగరికత యావత్తూ ఈ చుట్టరికం మీదనే ఆధారపడి నిలిచి ఉన్నది.

చల్ల చిలికే ఇల్లాలి చేతిని గమనిస్తే శక్తి సంచారంలోని మొదటి సూత్రం సులభంగా బోధపడుతుంది. ఆమె భుజబలం కవ్వపుత్రాటి ద్వారా కవ్వానికీ, కవ్వం ద్వారా కుండలోని పెరుగుకూ చేరుతుంది. పెరుగు చిక్కగా ఉంటే చేయి బరువెక్కుతుంది. నీళ్లు చేర్చి పలుచన చేస్తే చేయి తేలికపడుతుంది. కుండలో ఏమున్నదో కన్ను చూడకపోయినా చేతికి తెలిసిపోతుంది. చేయి కవ్వాన్ని తిప్పుతున్న మాట నిజమే కాని, కవ్వం కూడా తన భారాన్ని చేతికి విన్నవించుకుంటూనే ఉన్నది. ఇచ్చే వస్తువుకూ, పుచ్చుకొనే వస్తువుకూ నడుమ ఇట్టి పరస్పర సంబంధం ఎల్లప్పుడూ ఉంటుంది. ఇచ్చినది ఎంతో పుచ్చుకొనేది నిర్ణయిస్తుంది. పుచ్చుకొన్నది ఎంతో ఇచ్చేది అనుభవిస్తుంది.

రెండు లోకాలు – ఒకే కొలమానం

యంత్రలోకంలో బలం, వేగం అనేవి రెండూ ముఖ్యమైన రాశులు. ఎద్దు బండిని ఎంత బలంతో లాగుతున్నది, బండి ఎంత వేగంతో కదులుతున్నది అనే రెండు సంగతులూ తెలిస్తే, ఆ రెండింటినీ గుణించి ఎద్దు క్షణక్షణానికీ ఎంత శక్తిని వెచ్చిస్తున్నదో చెప్పవచ్చు. చక్రం విషయంలోనైతే తిప్పే బలాన్ని, తిరిగే వేగాన్ని గుణించాలి. విద్యుల్లోకంలో వోల్టేజి, కరెంటు అనే రెండు రాశులు ఇవే స్థానాలను వహిస్తాయి. వోల్టేజి నెట్టే బలం వంటిది. కరెంటు కదలిక వంటిది. ఈ రెండింటినీ గుణించినా వచ్చేది అదే కొలత. ఈ కొలతను సామర్థ్యం అంటారు. ఎద్దు సామర్థ్యాన్నీ, దీపం సామర్థ్యాన్నీ కూడా వాట్లలోనే కొలవగలగడానికి కారణం ఇదే.

రెండు రాశులలో ఒకటి శూన్యమైతే రెండవది ఎంత గొప్పదైనా శక్తి ప్రవహించదు. కొండను నెట్టే మనిషి చెమటోడ్చినా కొండ కదలదు కనుక, కొండకు చేరిన శక్తి ఏమీ ఉండదు. గోడమీది ప్లగ్గులో వోల్టేజి నిరంతరం వేచి ఉంటుంది. స్విచ్చి వేసి కరెంటుకు దారి ఇచ్చేవరకు ఆ వోల్టేజి వల్ల ఏ పనీ జరగదు.

ఈ పోలిక ఇంతటితో ఆగదు. బరువైన చక్రాన్ని ఒక్కసారిగా తిప్పలేము, తిరుగుతున్నదానిని ఒక్కసారిగా ఆపలేము. అది తన భ్రమణంలో గతిశక్తిని దాచుకొంటుంది. తీగచుట్ట కూడా అంతే. దానిలోని కరెంటు ఒక్కసారిగా పెరగదు, ఒక్కసారిగా తగ్గదు. తన చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రంలో శక్తిని దాచుకొంటుంది. నొక్కిన స్ప్రింగు శక్తిని పట్టి ఉంచినట్లే ఆవేశపూరితమైన కెపాసిటర్ శక్తిని పట్టి ఉంచుతుంది. ఇరుసులోని ఘర్షణ శక్తిని వేడిగా మార్చినట్లే తీగలోని నిరోధం కూడా శక్తిని వేడిగా మారుస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన హెన్రీ పేంటర్ 1959లో ఈ సామ్యాన్ని ఆధారం చేసుకొని ఒక చిత్రలిపిని రూపొందించాడు. నెట్టే రాశి, కదిలే రాశి అనే జంటను ఒక్క గీతతో సూచించి, పంపు, మోటారు, తీగ, చక్రం అన్నింటినీ ఒకే చిత్రంలో గీసి, శక్తి ఎటునుండి ఎటు పోతున్నదో లెక్కగట్టే పద్ధతి అది. వేర్వేరు శాస్త్రాలుగా ఎదిగిన యంత్రశాస్త్రమూ, విద్యుచ్ఛాస్త్రమూ నిజానికి ఒకే వ్యాకరణం గల రెండు భాషలని ఆ చిత్రలిపి చాటింది.

వారధి

ఈ రెండు లోకాలకూ నడుమ వారధి అయస్కాంతం. 1820లో డెన్మార్కు దేశీయుడైన అయిర్‌స్టెడ్, కరెంటు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచిలోని ముల్లు పక్కకు తిరగడం గమనించాడు. విద్యుత్తు కదలికను కలిగించగలదని దానివల్ల తేలింది. కదలిక విద్యుత్తును కలిగించగలదా అనే ఎదురుప్రశ్నకు సమాధానం లభించడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే, తీగచుట్టలోనికి అయస్కాంతాన్ని జొనిపినప్పుడూ, వెలుపలికి తీసినప్పుడూ తీగలో కరెంటు పుట్టడం చూపించాడు. అయస్కాంతం కదలక ఊరకున్నంతసేపూ కరెంటు లేదు. కదలికయే దానికి మూలం.

1834లో లెంజ్ ఈ సంబంధానికి ఒక నియమం చెప్పాడు. ప్రేరితమైన కరెంటు తన పుట్టుకకు కారణమైన కదలికను ఎప్పుడూ ఎదిరిస్తుందని ఆ నియమ సారాంశం. పైకి ఇది ప్రకృతి చూపే మొండితనంగా కనిపిస్తుంది. లోతుగా చూస్తే, ఇది శక్తి నిత్యత్వ నియమానికే మరొక రూపం. ఎదిరింపు లేనట్లయితే అయస్కాంతాన్ని ఒక్కసారి కదిలించి, ఆపైన శ్రమపడకుండానే అంతులేని విద్యుత్తును పొందవచ్చు. ప్రకృతి అట్టి ఉచితదానానికి ఒప్పుకోదు.

సైకిలు డైనమో ఇందుకు చక్కని నిదర్శనం. ఒకప్పుడు ఊరూరా కనిపించిన ఆ చిన్న యంత్రం సాధారణంగా 6 వోల్టుల వద్ద 3 వాట్ల విద్యుత్తును ఇచ్చేది. దీపం తీగ ఊడిపోయి ఉన్నప్పుడు డైనమో తేలికగా తిరుగుతుంది. తీగ తగిలించి దీపం వెలిగించిన క్షణం నుండి తొక్కేవాడి కాలికి బరువు తెలుస్తుంది. దీపంలోని వెలుగు, కాలిలోని అలసట ఒకే నాణేనికి రెండు ముఖాలు. దీపం ఎక్కడో వెలుగుతుంది. దాని భారాన్ని మరెక్కడో ఒక చక్రం మోస్తుంది.

మోటారులో కథ తలకిందులుగా నడుస్తుంది. కరెంటు ఇస్తే చక్రం తిరుగుతుంది. అయితే తిరగడం మొదలైన క్షణం నుండి ఆ మోటారు తనలో తాను డైనమోగా కూడా పని చేస్తూ, వచ్చే వోల్టేజికి ఎదురుగా మరొక వోల్టేజిని నిలబెడుతుంది. మోటారు వేగంగా తిరిగే కొద్దీ ఈ ఎదురు వోల్టేజి పెరిగి, లోనికి వచ్చే కరెంటును అదుపులో ఉంచుతుంది. చక్రం మీద భారం పెరిగి వేగం కొంచెం తగ్గితే ఎదురు వోల్టేజి కూడా తగ్గి, కావలసినంత కరెంటు అదనంగా లోనికి వస్తుంది. ఎవరూ ఆజ్ఞాపించకుండానే మోటారు తనకు కావలసినంత శక్తిని తానే అడిగి తీసుకొంటుంది. కాబట్టి డైనమో, మోటారు అనేవి రెండు వేర్వేరు యంత్రాలు కావు. 1873లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జరిగిన ప్రదర్శనలో ఈ సంగతి లోకానికి వెల్లడైంది. బెల్జియం దేశీయుడైన జెనోబ్ గ్రామ్ నిర్మించిన రెండు డైనమోలలో ఒకదానిని ఇంజనుతో తిప్పి, తీగల ద్వారా దాని కరెంటును రెండవదానికి అందించగా, ఆ రెండవ డైనమో మోటారై తిరిగి నీటిని తోడింది.

పొలంలో మోటారు

శక్తి విలువ తెలియాలంటే దానిని మనిషి శ్రమతో పోల్చి చూడాలి. ఒడలు వంచి ఎనిమిది గంటలు పని చేసే దృఢకాయుడు నిలకడగా ఇవ్వగల సామర్థ్యం సుమారు 75 వాట్లు. ఆ లెక్కన అతని దినశ్రమ 600 వాట్-గంటలు. విద్యుత్తు బిల్లులో కనిపించే ఒక యూనిట్ అంటే 1000 వాట్-గంటలు. అనగా ఒక్క యూనిట్ విద్యుత్తు ఒక కష్టజీవి ఒకటిన్నర రోజుకు పైగా చేసే శ్రమకు సమానం. పొలం గట్టుమీద ఉండే 5 అశ్వసామర్థ్యాల మోటారు 3,730 వాట్ల యాంత్రిక సామర్థ్యాన్ని ఇస్తుంది. సుమారు 50 మంది ఒకేసారి ఏతం తొక్కితే వచ్చే సత్తువ అది. తెలుగు రైతు బావి దగ్గర మోట, ఏతాలను విడిచి మోటారును ఆశ్రయించడంలోని రహస్యం ఈ లెక్కలోనే ఉన్నది.

ఆ మోటారు కాలిపోతే రైతుకు కలిగే నష్టం మోటారు ఖరీదుతో ముగియదు. అది మరమ్మతై వచ్చేలోగా పైరు ఎండిపోవచ్చు. మోటార్లు కాలిపోవడానికి గల కారణాలలో తక్కువ వోల్టేజి ఒకటి. వోల్టేజి తగ్గితే మోటారుకు శక్తి తక్కువగా అంది, అది చల్లగా ఉండవలసింది కదా అని సామాన్యుడు భావించవచ్చు. కాని బావిలోని నీటి లోతు తగ్గలేదు, పంపు కోరే భారమూ అంతగా తగ్గలేదు. నెట్టే రాశి తగ్గినప్పుడు అదే సామర్థ్యాన్ని అందించడానికి ప్రవహించే రాశి పెరగక తప్పదు. అందువల్ల మోటారు వేగం కొంత తగ్గి, ఎక్కువ కరెంటును గుంజుకొంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుందని 1840వ దశకంలో జూల్ నిరూపించాడు. కరెంటు 1.2 రెట్లయితే వేడి 1.44 రెట్లవుతుంది. ఆ వేడికి తీగచుట్టమీది పూత మాడి, మోటారు కాలిపోతుంది.

మోటారు మొదలయ్యే వేళ మరింత క్లిష్టమైనది. నిలిచి ఉన్న మోటారులో ఎదురు వోల్టేజి ఇంకా పుట్టలేదు కనుక, నేరుగా కలిపిన మోటారు ఆ కొద్ది క్షణాలపాటు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు తీసుకొంటుంది. ఒక్క మోటారైతే ఇబ్బంది లేదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నింటికీ ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించి ఉండి, కరెంటు వచ్చిన మరుక్షణమే అన్నీ ఒక్కసారిగా మొదలైతే, వోల్టేజి కుంగిపోతుంది. వోల్టేజి కుంగితే మోటార్లు త్వరగా వేగం పుంజుకోలేవు. వేగం పుంజుకోనంతసేపూ ఆ అధిక కరెంటు తగ్గదు. చివరకు ట్రాన్స్‌ఫార్మరే దెబ్బతినవచ్చు. తన పొలానికి నీరు ముందుగా రావాలని ఒక్కొక్క రైతు విడివిడిగా చేసిన ఏర్పాటు అందరికీ నీరు అందకుండా చేస్తుంది. కొందరు ఆగి, వంతులవారీగా మోటార్లు వేసుకొంటే ఆ ట్రాన్స్‌ఫార్మరే అందరి భారాన్నీ మోయగలుగుతుంది. ఒకే తీగను పంచుకొన్నవారు ఒకరి భారాన్ని మరొకరు అనుభవించక తప్పదు.

జలం – చక్రం – తీగ

తెలుగునాట ఈ శక్తి సంచారాన్ని మహత్తరమైన పరిమాణంలో చూపే స్థలాలు కృష్ణానది మీద ఉన్నాయి. ఎత్తున నిలిచిన నీటిలో స్థితిశక్తి దాగి ఉంటుంది. వేయి లీటర్ల నీరు 100 మీటర్ల ఎత్తు నుండి దిగితే, నష్టాలను విడిచిపెట్టి లెక్కించినప్పుడు, 9 లక్షల 80 వేల జౌళ్ల శక్తి లభిస్తుంది. అది యూనిట్‌లో నాలుగవ వంతుకు కొంచెం ఎక్కువ. ఒక యూనిట్ కోసం ఎంత నీరు ఎంత లోతుకు దిగివస్తున్నదో గ్రహించినవాడు, ఎవరూ లేని గదిలో దీపాన్ని వెలగనివ్వడానికి ఇష్టపడడు.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలోని ఎనిమిది యంత్రాలలో ఒకటి 110 మెగావాట్లది. మిగిలిన ఏడూ 100.8 మెగావాట్ల వంతున ఉన్నవి. ఈ ఏడింటికీ ఒక విశిష్టత ఉన్నది. నీరు దిగేటప్పుడు అవి విద్యుత్తును ఇస్తాయి. విద్యుత్తు ఇస్తే అవే వెనుకకు తిరిగి, దిగువన నిలిచిన నీటిని మళ్లీ జలాశయంలోనికి ఎత్తుతాయి. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో నిర్మించిన కేంద్రంలోని ఆరు యంత్రాలు కూడా ఇటువంటివే. ఒక్కొక్కదాని సామర్థ్యం 150 మెగావాట్లు. వియన్నా ప్రదర్శనలో చిన్న యంత్రాలు చూపిన వింతనే ఈ మహాయంత్రాలు నదీజలాలతో చూపుతున్నాయి.

ఎత్తిన నీటిని మళ్లీ దింపితే మొదట వెచ్చించిన విద్యుత్తు పూర్తిగా తిరిగి వస్తుందా అని జిజ్ఞాసువు అడగవచ్చు. రాదు. ఇట్టి కేంద్రాలలో సాధారణంగా వందకు 70 నుండి 80 పాళ్లు మాత్రమే తిరిగి లభిస్తుంది. ఇరుసులోని ఘర్షణ, గొట్టంలోని నీటి రాపిడి, తీగలోని వేడి తమ సుంకాన్ని పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి వసూలు చేసుకొంటాయి. మరి ఈ శ్రమ ఎందుకు? విద్యుత్తు అవసరం అన్ని వేళలా ఒక్క తీరుగా ఉండదు. అవసరం తక్కువగా ఉన్న వేళ మిగిలిన శక్తిని నీటి ఎత్తు రూపంలో దాచి, అవసరం ముమ్మరించిన వేళ బయటికి తీయడమే దీని ప్రయోజనం. పండినప్పుడు గాదెలో పోసి, కొరతనాడు తీసి వండుకోవడం రైతు ఎరిగిన విద్యయే. గాదెలో కొంత ఎలుకల పాలైనా గాదె వద్దని ఎవరూ అనరు.

దేశమంతటా ఒకే లయ

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 పర్యాయాలు తన దిశను మార్చి మళ్లీ తొలి స్థితికి వస్తుంది. దీనిని పౌనఃపున్యం అంటారు. ఈ సంఖ్యను నిర్ణయించేది చక్రాల వేగమే. ఒకే జత అయస్కాంత ధ్రువాలు గల ఆవిరి యంత్రం నిమిషానికి 3000 సార్లు తిరిగితే 50 అనే పౌనఃపున్యం వస్తుంది. 20 జతల ధ్రువాలు గల జలయంత్రానికి నిమిషానికి 150 భ్రమణాలు చాలు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ మార్గం ద్వారా దక్షిణాది విద్యుద్వలయం తక్కిన దేశంతో లయబద్ధంగా కలిసింది. నాటి నుండి రామగుండంలోని చక్రమూ, ఉత్తరప్రదేశ్‌లోని సింగ్రౌలి చక్రమూ ఒకే తాళానికి అడుగులు వేసే కోలాటగాళ్ల వలె తిరుగుతున్నాయి.

దేశంలోని వాడకం ఉత్పత్తిని మించితే, ఆ లోటును మొదట పూడ్చేది ఈ చక్రాల గతిశక్తియే. చక్రాలు తమ వేగాన్ని కొంచెం కోల్పోయి, ఆ శక్తిని తీగలకు ధారపోస్తాయి. పౌనఃపున్యం 50 కంటె తగ్గుతుంది. వాడకం తగ్గితే చక్రాల వేగం పెరుగుతుంది. నాడి పట్టి వైద్యుడు దేహస్థితిని చెప్పినట్లు, పౌనఃపున్యాన్ని చూసి నియంత్రణ కేంద్రంలోని ఇంజనీరు దేశపు విద్యుత్ స్థితిని చెప్పగలడు. అయితే చక్రాలలో దాగిన ఈ నిల్వ కొద్ది సెకన్లకు మాత్రమే చాలుతుంది. ఆలోగా ఆవిరినో, నీటినో తగినంతగా పెంచాలి. లేదా కొంత వాడకాన్ని తొలగించాలి. అదుపు తప్పిన పక్షంలో ఏమి జరుగుతుందో 2012 జూలై 30, 31 తేదీలలో దేశం చూసింది. రెండవనాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య వలయాలు మూడూ కుప్పకూలగా, 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతం విద్యుత్తుకు దూరమైంది. రైళ్లు నిలిచిపోయాయి, గనులలో కార్మికులు చిక్కుకొన్నారు. దక్షిణాది వలయం అప్పటికి వేరుగా ఉన్నందున ఆ విపత్తు నుండి బయటపడింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2020 ఏప్రిల్ 5 నాటిది. కరోనా వ్యాధి ప్రబలిన ఆ రోజులలో ప్రధానమంత్రి పిలుపు మేరకు రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలపాటు ప్రజలు విద్యుద్దీపాలను ఆర్పివేశారు. కొద్ది నిమిషాలలోనే దేశంలోని వాడకం సుమారు 31 వేల మెగావాట్లు తగ్గి, మళ్లీ పెరిగింది. ముందుగానే సిద్ధపడిన ఇంజనీర్లు దేశమంతటా జలవిద్యుత్కేంద్రాల ఉత్పత్తిని అంతే వేగంతో తగ్గించి, పెంచారు. పౌనఃపున్యం సుమారు 49.7, 50.26 అవధుల మధ్యనే నిలిచింది. ప్రజలు దీపాలు వెలిగించి చూస్తుండగా, వారి కంటికి కనిపించని చోట ఎన్నో చక్రాల వేగాన్ని ఎందరో కాపాడారు.

నేడు ఈ వలయంలోనికి కొత్త బంధువు వచ్చి చేరింది. అది సూర్యరశ్మి నుండి పుట్టే విద్యుత్తు. 2017లో కర్నూలు సమీపంలో పూర్తయిన 1000 మెగావాట్ల సౌర ఉద్యానంలోని పలకలలో తిరిగే చక్రం ఏదీ లేదు. పొగ లేదు, బూడిద లేదు, బొగ్గు ఖర్చు లేదు. అయితే చక్రం లేనందువల్ల ఆపత్సమయంలో ధారపోయడానికి గతిశక్తి కూడా లేదు. సౌరవిద్యుత్తు పెరిగే కొద్దీ ఈ కొరతను బ్యాటరీలతోనూ, నీటిని ఎత్తి దింపే కేంద్రాలతోనూ, చక్రాల జడత్వాన్ని అనుకరించే ఎలక్ట్రానిక్ పరికరాలతోనూ తీర్చుకోవలసి ఉంటుంది.

తిరిగి వచ్చే శక్తి

పరుగెత్తే వాహనాన్ని ఆపవలసి వచ్చినప్పుడు మామూలు బ్రేకు దాని గతిశక్తిని రాపిడి ద్వారా వేడిగా మార్చి గాలిపాలు చేస్తుంది. విద్యుత్తుతో నడిచే వాహనానికి మరొక మార్గం ఉన్నది. ఆపేటప్పుడు దాని మోటారునే డైనమోగా మారిస్తే, చక్రాల గతిశక్తి విద్యుత్తై తీగలోనికో, బ్యాటరీలోనికో తిరిగి చేరుతుంది. లెంజ్ చెప్పిన ఎదిరింపే అప్పుడు బ్రేకుగా పని చేస్తుంది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోరైళ్లు ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. ఒక స్టేషనులో ఆగబోయే రైలు ఇచ్చిన శక్తిని అదే మార్గంలో బయలుదేరుతున్న మరొక రైలు అందుకోవచ్చు. విశాఖపట్నానికి ఇనుప ఖనిజాన్ని చేరవేసే కొత్తవలస–కిరండోల్ మార్గం అనంతగిరి కొండలగుండా సాగుతుంది. నిండు రైళ్లు కొండ దిగుతాయి, ఖాళీ రైళ్లు కొండ ఎక్కుతాయి. ఇటువంటి మార్గాన శక్తిని తిరిగి ఇవ్వగల ఇంజను నడిచినప్పుడు, దిగే బరువు ఎక్కే బరువుకు చేయూతనిస్తుంది. బావి గిలక మీద ఒక చేద దిగుతుంటే మరొక చేద ఎక్కడం వంటిదే ఇది. నడుమ ఉన్న తాడు మాత్రం విద్యుత్తు.

మరువరాని జాగ్రత్త

శక్తి రెండు వైపులా నడవగలదనే సత్యం మేలు చేసినట్లే, ఆ సంగతి మరచినవారికి కీడు కూడా చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను తగ్గించి ఇళ్లకు 230 వోల్టులుగా ఇస్తుందని అందరికీ తెలుసు. వెనుక నుండి 230 వోల్టులు ఇస్తే అదే ట్రాన్స్‌ఫార్మరు వాటిని 11 వేల వోల్టులుగా పెంచి పై తీగలకు ఇవ్వగలదని కొందరికే తెలుసు. కరెంటు పోయిన వేళ ఎవరైనా జనరేటరును సరైన చేంజోవర్ స్విచ్చి లేకుండా ఇంటి తీగలకు కలిపితే, ఆ విద్యుత్తు ఇంటిని దాటి స్తంభం మీదికి ఎక్కవచ్చు. సరఫరా ఆపించాము, తీగలో ప్రాణం లేదు అన్న నమ్మకంతో అదే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు అది మృత్యుపాశమవుతుంది. తన ఇంట్లో ఒక పంకా తిరగాలనే తొందర మరొక ఇంటి దీపాన్ని ఆర్పివేయవచ్చు. అందుచేతనే తీగలను భూమికి కలిపిన తరువాతగాని పని మొదలుపెట్టరాదనే నియమం ఏర్పడింది. ఇంటివారు పాటించవలసిన నియమం అంతకంటె సులభమైనది. ఇంటిని బయటి తీగల నుండి పూర్తిగా వేరుచేసే స్విచ్చి లేనిదే జనరేటరును కలపకూడదు.

పెద్ద కేంద్రాలలోనూ ఇదే వివేకం అవసరం. విద్యుత్ మార్గం హఠాత్తుగా తెగిపోతే జలచక్రం మీద భారం తొలగిపోతుంది. నీరు మాత్రం నెడుతూనే ఉంటుంది. నీటి ద్వారాలను వెంటనే మూయకపోతే చక్రం అదుపుతప్పిన వేగంతో తిరుగుతుంది. అనగా తీగను తెంచినంత మాత్రాన శక్తి ఆగదు. దానిని మూలం దగ్గర కూడా ఆపాలి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో సంభవించిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది మరణించారు. మనం స్విచ్చి నొక్కగానే వెలిగే దీపం వెనుక నీరు, చక్రం, తీగలతో పాటు వాటిని కాచుకొని ఉండే మనుషుల ప్రాణాలు కూడా ఉన్నాయని ఆ ఘటన గుర్తు చేస్తుంది.

శక్తి ఎవరి సొత్తుగానూ నిలిచి ఉండదు. కొండమీది మేఘం నుండి జలాశయానికి, జలాశయం నుండి చక్రానికి, చక్రం నుండి తీగకు, తీగ నుండి పొలంలోని మోటారుకు, మోటారు నుండి మళ్లీ నీటికి అది నిరంతరం సంచరిస్తూనే ఉంటుంది. ఆ దారిలో ప్రతి మజిలీ దగ్గరా కొంత వేడిగా జారిపోతుంది. మిగిలిన దానిని ఎంత పొదుపుగా, ఎంత జాగ్రత్తగా వాడుకోవాలో నిర్ణయించుకోవడం మాత్రం మనిషి చేతిలో ఉన్నది.

కఠిన పదాలు – అర్థాలు

సంచారం = తిరుగుట, రాకపోకలు
సామర్థ్యం = (శాస్త్ర పరిభాషలో) ఒక సెకనులో జరిగే పని
పౌనఃపున్యం = ఒక సెకనులో జరిగే ఆవృత్తుల సంఖ్య
జడత్వం = ఉన్న స్థితిని విడువని స్వభావం
గాదె = ధాన్యం నిల్వచేసే కట్టడం
చేద = నీళ్లు తోడే బొక్కెన
సుంకం = పన్ను
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు

ప్రశ్నలు

అ) కింది వాటికి 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డైనమో, మోటారు వేర్వేరు యంత్రాలు కావని పాఠం ఆధారంగా నిరూపించండి.
2. దేశంలోని చక్రాలన్నీ ఒకే లయతో తిరగడం వల్ల కలిగే లాభనష్టాలను వివరించండి.

ఆ) కింది వాటికి 6 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వోల్టేజి తగ్గితే మోటారు ఎందుకు వేడెక్కుతుంది?
2. లెంజ్ నియమానికీ, శక్తి నిత్యత్వ నియమానికీ గల సంబంధం ఏమిటి?
3. చేంజోవర్ స్విచ్చి లేకుండా జనరేటరు వాడటం వల్ల ఎవరికి ప్రమాదం? ఎందుకు?

ఇ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. దీపం ఎక్కడో వెలుగుతుంది. దాని భారాన్ని మరెక్కడో ఒక చక్రం మోస్తుంది.
2. ఒకే తీగను పంచుకొన్నవారు ఒకరి భారాన్ని మరొకరు అనుభవించక తప్పదు.